ఆక్టేవ్ షనూట్

మున్నేరు, పాలేరు పొంగినపుడు నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామములవారికి వంతెన విలువ బాగుగ తెలియును. వంతెన లేనిచోట బండ్లు గట్టుననే నిలిచిపోవును. కనుచూపు మేరలోనున్న అవతలి యూరు కూడ దూరదేశమువలె నగును. నీటిపై త్రోవ వేయు విద్య ఎంత గొప్పదో అట్టివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ విద్యలో తల నెరసిన ఇంజనీరొకడు అరువది యేండ్లు దాటిన పిమ్మట, దానినే సాధనముగ గొని గాలిపై త్రోవ వేయబూనెను. ఆయన పేరు ఆక్టేవ్ షనూట్.

షనూట్ 1832 వ సంవత్సరము ఫిబ్రవరి 18 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఆరేండ్ల బాలుడై యున్నపుడు తండ్రివెంట అమెరికా చేరెను. ఆయన కళాశాలలో ఇంజనీరింగు చదివినవాడు కాడు. ఇరువది యేండ్లు నిండకమునుపే, హడ్సన్ నదీతీరమున నిర్మించుచున్న రైలుమార్గపు అధికారికడకు పోయి పని యడిగెను. ఖాళీ లేదని తెలియగా, జీతము లేకుండనే పనిచేయుదునని యొప్పించి, కొలతగొలుసు పట్టు పనిలో చేరెను. కొద్దికాలములోనే జీతమును వచ్చెను, పైపదవులును వచ్చెను. కాన్సస్ సిటీకడ ఆయన కట్టించిన రైలు వంతెన 1869 లో పూర్తియయ్యెను. వేగముగ ప్రవహించి, బురదతో నిండి, తరచు గట్లు కోయు మిస్సోరీ నదిపై నిలిచిన మొదటి వంతెన యదియే. అటుపిమ్మట ఆయన ఈరీ రైల్వేకు ప్రధాన ఇంజనీరుగ నుండెను. రైలుపట్టాల క్రింది చెక్కదిమ్మెలు కుళ్లకుండ మందుపట్టించు వ్యాపారమునను ధనము నార్జించెను.

ఇట్టి గృహస్థునకు విమానములతో పనియేమి? ఆ కాలమున ఎగురుటనుగూర్చి మాటలాడువానిని జనులు పిచ్చివానిగ చూచెడివారు. షనూట్ అందులకు వెరువలేదు. దేశదేశములలో ఎవరెవరు రెక్కలు కట్టిరో, ఎవరి యంత్రము ఏల కూలెనో ఓపికతో విచారించి, వరుసగ వ్యాసములు వ్రాసి, వానిని 1894 లో గ్రంథముగ ప్రకటించెను. ఒకని పొరపాటు మరియొకనికి పాఠము కావలెననియు, ఈ విద్యలో రహస్యములు పనికిరావనియు ఆయన నమ్మకము. ఆ నమ్మకమే పిదప ఆయన ముదిమిలో పెద్ద దుఃఖమునకు కారణమయ్యెను.

1896 వేసవిలో షనూట్ మిచిగాన్ సరస్సు దక్షిణతీరమునందలి ఇసుకతిన్నెలపై గుడారములు వేయించెను. అప్పటి కాయనకు 64 ఏండ్లు. ఆగస్టస్ హెర్రింగ్, విలియం ఏవరీ మొదలగు యువకులు ఆయనకు సహాయులు. ఇంజను లేక గాలిలో జారు గ్లైడర్లను వారు పరీక్షింపసాగిరి. ఆరు జతల రెక్కలుగల దానినొకదానిని కట్టి, రెక్కల తావులను మార్చి మార్చి చూచిరి. ఆ సంవత్సరమే ఆగస్టు 10 వ తేదీన, జర్మనీలో గ్లైడర్లకు ఆద్యుడైన ఓటో లిలియంతాల్, తన గ్లైడరు కూలి తగిలిన గాయములచే మరణించెను. ఆ వార్త విన్న పిదపకూడ షనూట్ పని మానలేదు. కాని యంత్రము చెదరకుండుటయే అన్నిటికంటె ముఖ్యమని మరింత గట్టిగ తలచెను.

ఇచటనే వంతెనల విద్య అక్కరకు వచ్చెను. నాలుగు వెదురుబద్దలను చతురస్రముగ మేకులతో బిగించి, ఒక మూలను నెట్టినచో ఆ చట్రము వెంటనే ప్రక్కకు ఒరుగును. ఎదురెదురు మూలలను రెండు దారములతో అడ్డముగ బిగించి కట్టినచో ఎటు నెట్టినను ఒరుగదు. 1844 లో ప్రాట్ అను తండ్రికొడుకులు అమెరికాలో హక్కుపొందిన వంతెన చట్రము ఈ సూత్రముపైననే నిలిచియున్నది. అందు నిలువు కమ్ములు ఒత్తిడిని భరించును. ఏటవాలు కమ్ములు లాగుడును భరించును. షనూట్ రెండు రెక్కలను ఒకదానిపై నొకటి యుంచి, నడుమ సన్నని కొయ్య నిలువులు నిలిపి, ఆ నిలువుల నడుమ ఉక్కుతీగలను అడ్డదిడ్డముగ బిగించెను. గాలి రెక్కలను పైకెత్తునపుడు వాని కొనలు పైకి వంగజూచును. అపుడు పై రెక్క నొక్కబడును, క్రింది రెక్క లాగబడును. ఆ బలమును నిలువులు, తీగలు పంచుకొనును. నేలకు దిగినపుడు రెక్కలు క్రిందికి వ్రాలజూచును గనుక, ఎదురువైపు తీగలు ఆ పని చేయును. ఏ తీగయు వృథా కాదు.

మొదట దీనికి మూడు రెక్కలుండెను. అన్నిటికంటె క్రిందిది ఇబ్బంది కలిగించుటచే దానిని తీసివేసిరి. పదునారడుగుల వెడల్పుగల ఆ జంటరెక్కల గ్లైడరు బరువు ఇంచుమించు 23 పౌనులు మాత్రమే. అంత తేలికైన వస్తువు నిండుమనిషిని మోసికొని ఇసుకతిన్నెపైనుండి 359 అడుగుల దూరము పోయెను. షనూట్ ఆ నిర్మాణపు పటములను దాచుకొనక ప్రకటించెను.

ఓహియో రాష్ట్రమున సైకిళ్లు బాగుచేయు రైట్ సోదరులు వానిని చూచిరి. 1900 మే నెలలో విల్బర్ రైట్ షనూట్‌కు మొదటి లేఖ వ్రాసెను. పిదప పదేండ్లలో వారిరువురి నడుమ వందలకొలది లేఖలు నడచెను. 1901 లో గ్లైడరు సరిగ ఎగురక సోదరులు నిరాశచెందిన సమయమున, షనూట్ విల్బర్‌ను చికాగో నగరపు ఇంజనీర్ల సభకు పిలిపించి ఉపన్యాస మిప్పించెను. మనస్సు క్రుంగినవానికి పెద్దవాని పిలుపొక ఊతకర్ర. 1903 డిసెంబరు 17 వ తేదీన ఇంజనుతో ఎగిరిన రైట్ విమానపు రెక్కలలోనున్నది షనూట్ చట్రమే. కాని ఆ రెక్కల కొనలను మెలిపెట్టి విమానమును అదుపుచేయు ఉపాయము మాత్రము సోదరులది.

రైట్ విమానమునకు నేటివలె మేను లేదు. నడపువాడు క్రింది రెక్కపై బోర్లపడుకొనెడివాడు. తరువాతివారు నాలుగు పొడవైన కొయ్యలను, నిలువులను, తీగలను కూర్చి, వంతెనవంటి పొడుగుపెట్టెను చేసి, పైన గుడ్డ తొడిగి మేనుగ నమర్చిరి. 1912 లో ఫ్రాన్సుదేశపు దెపెర్దుసాఁ విమానము పలుచని చెక్కపొరలతో చేసిన డొల్లమేనితో వచ్చెను. ఎండిన సొరకాయబుర్ర లోపల ఏ ఆధారమును లేకున్నను గట్టిగ నుండుట చూచినవారి కిది వింతగాదు. 1915 లో జర్మనీలో హ్యూగో యుంకర్స్ పూర్తిగ లోహముతో చేసిన విమానము నెగిరించెను. అటుపై మేనిలోపల వెదురుబొంగునకు కణుపులవలె వలయములు, వాని వెంబడి నిడుపు కడ్డీలు, పైన బిగించిన అల్యూమినియపు రేకు అమరెను. రెక్కలోను అట్లే: పొడవునా దూలములు, వానికి అడ్డముగ రెక్క వంపు నిచ్చు వాసములు, పైన రేకు. ఇంటికప్పు పెంకు వానను మాత్రమే ఆపును. ఈ రేకు బరువునుగూడ మోయును. 1951 లో బెంగుళూరున ఎగిరిన మన హెచ్.టి.-2 విమానమును ఇట్టి లోహనిర్మాణమే. ఇట్లు బయటి తీగలు క్రమముగ మాయమయ్యెను.

ఇవియన్నియు చూచు భాగ్యము షనూట్‌కు లేకపోయెను. రైట్ సోదరులు తమ ఉపాయముపై హక్కులు పొంది, ఇతరులపై వ్యాజ్యములు వేసిరి. రెక్కను మెలిపెట్టు ఊహ పూర్వులకును కలదని షనూట్ బహిరంగముగ చెప్పెను. అది తమ శ్రమను తగ్గించుటగ విల్బర్‌కు తోచెను. తమ్ము తన శిష్యులవలె లోకము తలచునట్లు షనూట్ మాటలాడెననియు ఆతనికి పాతనొప్పి యుండెను. 1910 ఆరంభమున వారి లేఖలలో కఠినములైన మాటలు దొరలెను. న్యాయ మెవరి పక్షమున నుండెనో తేల్చుట సులభము కాదు. పంచియిచ్చుటయే ధర్మమని ఒకడు బ్రతికెను. ప్రాణములొడ్డి సాధించినది తమదేయని మరియొకడు తలచెను. వసంతకాలమున విల్బర్ స్నేహము నిలుపుకొనగోరి మెత్తగ వ్రాసెను. షనూట్‌యు శాంతించి, ఐరోపానుండి తిరిగివచ్చిన పిదప పూర్వపు మైత్రి నిలుచునని ఆశించి ఓడ యెక్కెను. అచట జబ్బుపడెను. తిరిగివచ్చి, 1910 నవంబరు 23 వ తేదీన చికాగోలో కన్నుమూసెను.

వార్త తెలిసినంతనే విల్బర్ రైట్ బయలుదేరి, అంత్యక్రియలకు చికాగో చేరెను.