హేతువాది చేతిలో అద్భుతకథ
కొడవటిగంటి కుటుంబరావు

తెలుగువారి ఇండ్లలో మూడు తరాల బాలబాలికలకు రాక్షసులను, మాంత్రికులను, శవంలో నుండి మాటలాడే బేతాళుని పరిచయం చేసిన వ్యక్తి దయ్యాలను నమ్మినవాడు కాదు. దేవుని నమ్మినవాడును కాదు. ఆయన భౌతికశాస్త్రం చదివినవాడు, మార్క్సిజాన్ని జీవితదర్శనంగా స్వీకరించినవాడు, మధ్యతరగతి సంసారాల లోగుట్టును నిర్మొహమాటంగా వ్రాసిన వాస్తవిక రచయిత. అట్టి కొడవటిగంటి కుటుంబరావుగారు ఇరువదియెనిమిది సంవత్సరాలు 'చందమామ' బాధ్యతను మోసినారు. ఇది పొట్టకూటి కొరకు ఒప్పుకొన్న రాజీయా, లేక ఆలోచించి చేసిన పనియా అను ప్రశ్న అప్పుడును ఉన్నది, ఇప్పుడును ఉన్నది. వారి జీవితాన్ని పరిశీలించినచో సమాధానం దొరకకపోదు.

కుటుంబరావుగారు 1909 అక్టోబరు 28వ తేదీన తెనాలిలో జన్మించినారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినారు. ఆనాడు కృష్ణకు పడమటి గట్టున ఉన్న ఈ సీమలో చదువుల మీద, పత్రికల మీద కొత్త మోజు పుట్టినది. 1913లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగినది. మరుసటి ఏడు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం వెలసినది. ఊరూర పఠన మందిరాలు లేచుచున్న ఆ కాలంలో వంగభాష నుండి తెచ్చుకొన్న అపరాధ పరిశోధక నవలలు కాశీమజిలీ కథల సరసన కూర్చున్నవి. పండితులు వానిని చూచి ముఖం చిట్లించినను పిల్లలు దాచుకొని చదువుట మానలేదు.

కుటుంబరావుగారికి పాశ్చాత్య సాహిత్యపు రుచి చూపినది అన్నగారు. 1921లో, పన్నెండవ ఏట, ఆయన పద్యాలతోపాటు ఉత్కంఠ కలిగించే కథ ఒకటి వ్రాయ యత్నించి త్వరలోనే విరమించినారు. పిల్లవాడు మొదట తనను పట్టి కూర్చోబెట్టిన కథనే అనుకరించును. తరువాత ఏమి జరుగునో అను ఆతురతయే పఠనానికి తొలిమెట్టు అని పెద్దైన పిదప ఆయన తన వృత్తిలో నిరూపించినారు.

తెనాలిలో ఉన్నత పాఠశాల చదువు ముగించి గుంటూరులో ఇంటరు, విజయనగరంలో భౌతికశాస్త్రం ప్రధానంగా బి.ఏ. చదివినారు. 1929లో ఎం.ఎస్సీ. కొరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరినారు. ప్రపంచమంతట ఆర్థికమాంద్యం విరుచుకొనిపడిన రోజులవి. ఆ దెబ్బకు చదువు సగంలో ఆగిపోయినది. పట్టం దక్కలేదు గాని శాస్త్రదృష్టి దక్కినది. కార్యానికి కారణం వెదకుట, నిదర్శనం లేనిదానిని నమ్మకుండుట ఆయనకు స్వభావమైనవి. ఆ మాంద్యపు నీడయే తరువాత 'చదువు' నవలలో పరచుకొన్నది.

తెనాలికి తిరిగివచ్చిన కుటుంబరావుగారికి రెండు సాంగత్యాలు ముఖ్యమైనవి. ఒకటి బంధువైన గుడిపాటి వెంకటచలం రచనా ప్రభావం. రెండవది చక్రపాణిగా ప్రసిద్ధుడైన ఆలూరి వెంకటసుబ్బారావు స్నేహం. శరత్ నవలలను తెలుగుచేసి పేరు పొందిన చక్రపాణి కథ ఎక్కడ నడుచునో, ఎక్కడ కుంటునో ఇట్టే పసిగట్టగలవాడు. ఆయన బి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుండి 'చందమామ'ను వెలువరించినారు. నానా ఉద్యోగాలు చేసి, ఆంధ్రపత్రికలోను పనిచేసిన కుటుంబరావుగారు 1952లో ఆ పత్రికలో ప్రవేశించినారు. సంపాదకునిగా అచ్చయ్యే పేరు చక్రపాణిది, నిత్యకృషి కుటుంబరావుగారిది. ఎందరో పంపిన కథలను ఆయన తన వాక్యంలో తిరగవ్రాసెడివారు. సమాసాల బరువు లేదు, ఉపన్యాసం లేదు, ఎనిమిదేండ్ల పిల్లవాడు తడబడే మాట లేదు. ఆ తెలుగు మూలం నుండియే కథలు ఇతర భారతీయ భాషలకు పోయినవి. హోమరు కావ్యం 'రూపధరుని యాత్రలు'గా పల్లెటూరి బడిపిల్లల చేతికి వచ్చినది. ఆయన అక్కడ వ్రాసినదానిలో అధికభాగానికి ఆయన పేరు లేదు.

విమర్శలు రాకపోలేదు. శాస్త్రయుగంలో పిల్లలకు ఈ భూతాలు, ఈ మాయలు ఎందుకని ఆక్షేపించినవారు ఉన్నారు. అభ్యుదయవాదియైన రచయిత ఇట్టి పని చేయుట తగునా అని అడిగినవారును ఉన్నారు. కుటుంబరావుగారు తప్పించుకొనలేదు. ఆయన అభిప్రాయంలో ధైర్యం, నిజాయితీ, స్నేహం, త్యాగం, పట్టుదల, న్యాయబుద్ధి లేతమనస్సులో నాటుకొనుటకు జానపద, పౌరాణిక, అద్భుత కథలు మిక్కిలి తోడ్పడును. కథ ఎంత అభూతకల్పనయైనను హాని లేదు. అది ఏ విలువను నిలబెట్టుచున్నదన్నదే పరీక్ష. దేవునిపై నమ్మకం కలిగించే కథ కన్న మనిషికి తనపై విశ్వాసం పెంచే కథ ముఖ్యమని ఆయన తలచినారు. మహాశక్తులు గల రాక్షసుని సామాన్యమానవుడు జయించే కథకు ఆయన దృష్టిలో విలువ ఎక్కువ.

ఈ కొలబద్దకు చక్కగా నిలిచినవి దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు. ఆయన రేపల్లె తాలూకావాడు. ఆ రేపల్లె 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. తెనాలి నుండి రేపల్లెకు రైలులో పోవునంత దూరంలో పుట్టిన ఈ ఇద్దరును మద్రాసులో ఒకే కార్యాలయంలో కూర్చుండి తెలుగు అద్భుతకథను తీర్చిదిద్దినారు. 'తోకచుక్క' మొదలుకొని 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' వరకు దాసరి కథలు నెలనెలా పాఠకులను తపాలా బంట్రోతు కొరకు ఎదురుచూచునట్లు చేసినవి. వానిపైనను రచయిత పేరు ఉండెడిది కాదు. చిత్రకారుడు 'చిత్ర' గీసిన విచిత్రజీవులు వానికి రూపం ఇచ్చినవి. ఆ కథలలో మంత్రశక్తికి కొదవ లేదు. అయితే ఆపదలో ఖడ్గవర్మ, జీవదత్తులను గట్టెక్కించునవి వారి తెగువ, ఉపాయం, ఒకరినొకరు విడువని స్నేహం. ఏ దేవతయో దిగివచ్చి చిక్కు విప్పునని వారు చేతులు ముడుచుకొని కూర్చుండరు.

బేతాళకథల విషయం ఇంకొక మెట్టు పైది. సంప్రదాయంగా వచ్చినవి ఇరువదియైదు కథలే. అవి చాలకపోగా 'చందమామ' కొత్త కథలను అదే చట్రంలో బిగించి దశాబ్దాల పర్యంతం నడపినది. చట్రం శ్మశానం, శవం, బేతాళుడు. లోపలిది మాత్రం తర్కం. కథలోని మనుషుల ప్రవర్తనకు కారణమేమి, దోషి ఎవరు, గొప్పవాడెవరు అను ప్రశ్నకు విక్రమార్కుడు జవాబు చెప్పి తీరవలెను. పిల్లవాడు పేజీ తిప్పుటకు ముందు తానును ఒక జవాబు అనుకొనును. అపరాధ పరిశోధక నవల చేయు పనియు ఇదియే: ఆధారాలన్నియు ఎదుట ఉంచి బుద్ధిని పరుగెత్తించుట. ఆ కళలో ఆరితేరినవాడు కుటుంబరావుగారి ఇంటిలోని బంధువే. డిటెక్టివు యుగంధరును సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు ఆయన భార్య వరూధినిగారి సోదరుడు. ఒకరు బేతాళుని ప్రశ్నతోను, మరొకరు యుగంధరు పరిశోధనతోను తెలుగు పాఠకునికి ఆలోచించే అలవాటు చేసినారు. పండిత గోష్ఠులలో ఈ రెండింటికిని పెద్దపీట దొరకలేదు.

కుటుంబరావుగారు శాస్త్రవిషయాలపై కూడ సామాన్యపాఠకుని కొరకు విరివిగా వ్యాసాలు వ్రాసినారు. కథలోని అద్భుతం ఊహను మేల్కొలుపును. శాస్త్రం ఆ ఊహకు నిజమైన విశ్వాన్ని చూపును. రెండింటికిని వారి మనస్సులో వైరం లేదు. వైరమున్నది మూఢనమ్మకంతోనే. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు వారు ఉపాధ్యక్షులైనారు. అదే కాలంలో 'చందమామ'లో రాక్షసులు యథాప్రకారం ఓడిపోవుచునే ఉన్నారు.

లోపాలు లేవని చెప్పరాదు. సాహసానికి బహుమానం అర్ధరాజ్యం, రాజకుమార్తె అను పాతపద్ధతి ఆ కథలలో చాలవరకు నిలిచిపోయినది. కత్తి పట్టిన కన్యలు అరుదు. వ్రాతలో స్త్రీల పక్షాన అంతగా నిలిచిన రచయిత చేతిమీదుగా వచ్చిన పత్రికకు ఇది కొరతయే.

1980 ఆగస్టు 17వ తేదీన కుటుంబరావుగారు మద్రాసులో కన్నుమూసినారు. ఆ దశకంలోనే 'తులసిదళం' వంటి నవలలు చేతబడిని ఇరుగుపొరుగున జరిగే విషయంగా చిత్రించి వారపత్రికలను ఊపివేసినవి. క్షుద్రసాహిత్యమను పేరుతో పెద్ద వాదం చెలరేగినది. ఆ వాదంలో పలువురు కల్పననే దోషిగా నిలబెట్టినారు. కుటుంబరావుగారి కొలబద్దను అందుకొనియుండినచో చిక్కు సులభంగా విడిపోయెడిది. అనగా అనగా ఒక ఊరిలో అని మొదలగు కథ తాను కథనని ముందే ఒప్పుకొనును. దానిలోని భూతం పుస్తకం మూయగానే పోవును. వాస్తవపు వేషం వేసికొని వచ్చు భూతం పాఠకుని ఇంటిలోనే తిష్ఠ వేయును. మొదటిది మనిషిని ధైర్యవంతుని చేయును. రెండవది పిరికివానిని చేయును.

పత్తేదారు నవలయైనను, గ్రహాంతరయానపు కథయైనను, మాంత్రికుల కథయైనను నేటి పిల్లవాడు చదువుచున్నప్పుడు పెద్దలు వేయవలసిన ప్రశ్న ఇది నిజమా అని కాదు. పుస్తకం మూసిన పిదప వానికి తన బుద్ధిపై, తన చేతులపై నమ్మకం పెరిగినదా లేదా అని. తెనాలిలో పుట్టిన ఒక హేతువాది ఆ ప్రశ్నను నెలనెలా తనకు తాను వేసికొని, పేరు పెట్టుకొనక, ఇరువదియెనిమిదేండ్లు సమాధానం వ్రాసినాడు.