అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్: బౌద్ధ క్షేత్రాల అన్వేషకుడు

బౌద్ధం తాను పుట్టిన నేలమీదనే మరుగున పడి ఉన్న రోజులలో, ఆ ధర్మక్షేత్రాల చిరునామాలను తిరిగి మనకు అందించిన వారిలో జనరల్ అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అగ్రగణ్యులు. ఆయన 1814 జనవరి 23న లండన్‌లో జన్మించారు. 1833లో బెంగాల్ ఇంజనీర్ల దళంలో ఉద్యోగిగా భారతదేశానికి వచ్చి, కొద్దికాలానికే సారనాథ్‌లోని ధమేక్ స్తూపాన్ని తవ్వించారు. అక్కడ వెలికివచ్చిన శిల్పాలలో కొన్నింటిని కలకత్తాకు చేర్చారు. మిగిలినవాటిలో నలభైకి పైగా శిల్పాలను తరువాత వరుణా నదిపై వంతెన కట్టే పనిలో నీటిపాలు చేశారు. కాపలా లేని క్షేత్రానికి పట్టే గతి అది.

1851లో ఆయన, కెప్టెన్ మైసీ కలిసి సాంచీ స్తూపాలను తెరిచారు. సారిపుత్త, మొగ్గల్లానుల ధాతువులు పేర్లు చెక్కిన కరండాలతో సహా బయటపడ్డాయి. నాటి పాలకుల దృష్టిలో వాటిని సముద్రం దాటించడం నేరం కాదు. బౌద్ధులకు మాత్రం అవి ప్రదర్శనకు పెట్టే వస్తువులు కావు, పూజనీయాలు. మహాబోధి సంఘం చేసిన విజ్ఞప్తులు ఫలించి, ఆ ధాతువులు 1952లో సాంచీలోని నూతన విహారంలో తిరిగి ప్రతిష్ఠింపబడ్డాయి.

1861లో ప్రభుత్వం కన్నింగ్‌హామ్‌ను పురావస్తు సర్వేయరుగా నియమించింది. హ్యుయాన్ త్సాంగ్ యాత్రా వృత్తాంతం ఆధారంగా దూరాలు లెక్కగట్టి, బడగావ్ దిబ్బలే నలందా మహావిహారమని ఆయన నిర్ధారించారు. 1873లో భార్హుత్‌ను గుర్తించినప్పుడు, గ్రామస్థులు స్తూపపు రాళ్ళను ఇళ్ళ నిర్మాణానికి తరలించుకుపోయి ఉండడం చూసి, మిగిలిన శిల్పాలను కలకత్తా మ్యూజియానికి పంపించారు. 1871 నుండి 1885 వరకు పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆయన సేకరించిన పురావస్తువులలో అధికభాగం, 1885లో ఇండస్ అనే ఓడ సింహళ తీరాన మునిగినప్పుడు సముద్రగర్భంలో కలిసిపోయాయి. 1893 నవంబరు 28న ఆయన లండన్‌లో మరణించారు.

ఓడలోని వస్తువులు పోయినా ఆయన రాసిన నివేదికలు నిలిచాయి. వాటి విలువ ఎంతటిదో మేము నలందా ఉదాహరణతో గ్రహిస్తున్నాము. ఆయన ఆ క్షేత్రాన్ని గుర్తించిన వందేళ్ళకు, 1961లో, అక్కడి మ్యూజియం నుండి పలు విగ్రహాలు దొంగిలింపబడ్డాయి. వాటిలో ఒక కంచు బుద్ధ విగ్రహం చేతులు మారుతూ విదేశీ పురావస్తు విపణికి చేరి, 2018లో మనదేశానికి తిరిగివచ్చింది. దొంగతనానికి ముందు తీసి భద్రపరచిన ఛాయాచిత్రాలే దానిని పట్టి ఇచ్చాయి. ప్రకాశం జిల్లా చందవరం స్తూపపు శిల్పఫలకం కూడ 2016లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ నుండి తిరిగివచ్చింది.

దొంగ విపణిలో శిల్పానికి వెల కట్టేవారు ముందుగా చెరిపివేసేది దాని ఊరి పేరును. అందుచేత మన విహార సంఘాలు తమ పరిసరాలలోని ప్రతి శిల్పానికీ ఛాయాచిత్రం, కొలతలు, దొరికిన చోటు నమోదు చేసి పురావస్తు శాఖకు అందజేయాలని మేము కోరుతున్నాము. కన్నింగ్‌హామ్ జీవితం నుండి స్వీకరించవలసినది ఆయన నమోదు చేసే అలవాటునే గాని, ధాతువులను తరలించిన పద్ధతిని కాదు.