యల్లాప్రగడ సుబ్బారావుగారు: సొత్తు ఎవరిది, పేరు ఎవరిది

మన గ్రంథాలయమునకు వచ్చు యువకులలో యంత్రవిద్య, రసాయనవిద్య చదువుకొన్నవారు ఇటీవల ఎక్కువైరి. క్రొత్త వస్తువు నొకదానిని కల్పించినవాడు దానిని పరులపాలు కాకుండ ఎట్లు కాపాడుకొనవలెనని వారు తరచు అడుగుచుందురు. చట్టపు పుస్తకమొకటి చేతికిచ్చి పంపుటకంటె ఒక మహనీయుని జీవితము చెప్పుట మేలని తలచి, ఈ రజతోత్సవ సంచికకు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రను ఎన్నుకొంటిని. ఆయన మన చిత్తూరు సీమవారు కారు, గోదావరి ప్రాంతమువారు. అయినను మన పల్లె ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకిచ్చు ఎర్రమాత్రలోని ఫోలిక్ ఆమ్లమునకును ఆయనకును దగ్గరి సంబంధము కలదు. ఆ మాత్రను మ్రింగువారిలో ఈ సంగతి తెలిసినవారు ఎందరుందురు?

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధికి బలియైరి. మదరాసు వైద్యకళాశాలలో చదువుచున్న కాలమున గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సశాలలో ఖద్దరు అంగీ ధరించిరి. ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు అది గిట్టలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, మామగారి సాయముతోను, మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి సాయముతోను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట చదువు సాగుటకై రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. స్వదేశమునకు మరల రాలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలసి ఆయన చేసిన మొదటి గొప్ప పని, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత కలదో కొలుచు పద్ధతి. ద్రవము నీలివర్ణము దాల్చును. ఆ నీలిమ గాఢతనుబట్టి భాస్వరపు పాలు తెలియును. 1925లో ఈ పద్ధతిని శాస్త్రపత్రికలో అచ్చువేసి లోకమునకు వదలివేసిరి. ఎవరును రుసుము చెల్లింపనక్కరలేదు. అయినను ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటిలో అది ఫిస్కే–సుబ్బారావు పద్ధతియను పేరుతోనే నిలిచినది.

అచ్చునకు ఉన్న బలమది. దానిలోని అపాయము కూడ ఆయనకు త్వరలోనే తెలిసివచ్చెను. కండరములు పనిచేయుటకు తోడ్పడు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వీరు ప్రకటించిన సంవత్సరమే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే పదార్థమును గూర్చి ప్రకటించిరి. ప్రాణికోటికి శక్తినిచ్చు ఏ.టి.పి. విషయములో జర్మనీలోని కార్ల్ లోమాన్ 1929లో వీరికంటె కొంచెము ముందుగా అచ్చువేసెను. నేడు ఆ కీర్తిని ఇరుపక్షములవారికిని పంచి చెప్పుదురు. పని ఎన్నడు ముగిసినదని లోకము అడుగదు, పత్రికపై నున్న తేదీనే చూచును.

ఇక అచ్చుకే నోచుకొనని పని సంగతి వినుడు. ఆ దినములలో హార్వర్డులో విద్యార్థిగా నుండి, 1988లో నోబెలు బహుమతి పొందిన జార్జి హిచింగ్సు ఒక మాట చెప్పియుండెను. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియొటైడులను ఫిస్కే వెలుగు చూడనీయలేదనియు, అందుకు అసూయయే కారణమై యుండుననియు, వాటిని ఏండ్ల తరువాత ఇతరులు మరల కనిపెట్టవలసివచ్చెననియు దాని సారాంశము. ఇందులో సుబ్బారావుగారి పేరొక్కటే పోలేదు. ఆ ఏండ్లన్నియు ఎవరికిని దక్కకపోయెను. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించునది ఇదియే.

హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నీయలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెరల్ రివర్‌లో నున్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనకు అధిపతియైరి. అమెరికన్ సయనమిడ్ కంపెనీవారి శాఖ అది. ఎనిమిదేండ్లలో అచ్చట జరిగిన పని ఒక యుగమునకు సరిపోవును. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా చేయగలిగిరి. దాని నిర్మాణమును వివరించిన వ్యాసముపై పదునారుగురి పేర్లుండగా, అధిపతియైన ఈయన పేరు నడుమనెక్కడో కనిపించును. ఆ ఆమ్లమును కొద్దిగా మార్చి చేసిన అమినోటెరిన్‌ను 1947లో బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి చూడగా, కొందరికి కొంతకాలమైనను వ్యాధి తగ్గెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది. మన తెలుగు పల్లెలను పీడించిన బోదకాలు జబ్బునకు హెట్రజాన్ అను మందు వెలువడినదియు ఆ శాలనుండియే.

ఆరియోమైసిన్ కథ మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది. డెబ్బదియేండ్లు దాటి, విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరును సుబ్బారావుగారు తమ శాలలో చేర్చుకొనిరి. దేశపు నలుమూలల నుండి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పరీక్షించుట ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారువన్నెగల బూజువంటి జీవి యొకటి దొరకినది. దానినుండి వచ్చినదే ఆ మందు. పేటెంటు 1949లో డగ్గరు పేరిట వచ్చెను. సొత్తు మాత్రము కంపెనీది.

ఇందులో అన్యాయమేమియు లేదని ముందుగా చెప్పవలెను. కల్పన ఎవరి బుద్ధిలో పుట్టినదో వారినే కల్పనకర్తగా చూపవలెననియే అమెరికా చట్టము. పని చేయించిన అధిపతి ఆ కారణముచేతనే కల్పనకర్త కాడు. ఉద్యోగి తన హక్కును ఒడంబడిక ప్రకారము కంపెనీకి వ్రాసియిచ్చును. మట్టిలోని జీవి ప్రకృతిది గనుక, శుద్ధిచేసిన పదార్థముపైనను, దానిని తయారుచేయు విధానముపైనను హక్కు కోరిరి. సుబ్బారావుగారు ఆ పేటెంటును చూడనేలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూసిరి. వయస్సు ఏబదిమూడేండ్లు.

తన పనికి తన పేరు ముడివడుటకు శాస్త్రజ్ఞులందరు మామూలుగా చేసికొను ఏర్పాట్లలో ఒక్కటియు ఆయన చేసికొనలేదని తెలిసి పేటెంటు వకీలొకడు ఆశ్చర్యపడెనని ఆయన జీవితచరిత్రలో కలదు. మన పెద్దలు దీనిని నిష్కామకర్మయని కొనియాడుదురు. నేను సగమే ఒప్పుకొందును. పొరుగు రాష్ట్రమైన న్యూజెర్సీలో అదే కాలమున స్ట్రెప్టోమైసిన్ పేటెంటు వాక్స్‌మన్, షాట్జ్ అను ఇరువురి పేర్లతో 1948లో వచ్చెను. శిష్యుడైన షాట్జ్ 1950లో గురువుపై దావా వేసి, ఆ సంవత్సరాంతమున రాజీలో సహకల్పనకర్తయను గుర్తింపును, రాబడిలో నూటికి మూడువంతులును పొందెను. గురువుపై దావా వేయుట మనవారికి రుచింపకపోవచ్చును. కాని పేటెంటుపై తన పేరు ముందే ఉండుటయే అతనికి ఆధారమైనది.

మన దేశపు 1970 నాటి పేటెంటు చట్టమున 28వ సెక్షను ఈ మేలును ప్రత్యేకముగా కలిగించినది. సొత్తు యజమానిదైనను, నిజముగా కల్పించినవాని పేరు పేటెంటులో చేర్పించుకొనవచ్చును. ఆ పేరువలన డబ్బు రాదు, పేరు మాత్రము ఉండును. పేటెంటు దరఖాస్తు తేదీ మొదలు ఇరువదియేండ్లు నడచును. వస్తువును సంతలో అమ్మి, పత్రికలో వ్రాసి, ఆ పిమ్మట దరఖాస్తు పెట్టువాడు సాధారణముగా నష్టపోవును. వివరములు పూర్తికాకున్నను తాత్కాలిక వివరణతో ముందుగా తేదీ సంపాదించి, పండ్రెండు నెలలలో పూర్తి వివరణ ఇయ్యవచ్చును. వస్తువు పనితీరు గాక ఆకృతియే క్రొత్తదైనచో, దానికి 2000 నాటి డిజైన్ల చట్టము వేరుగా కలదు.

తిరుపతి లడ్డునకు 2009లో భౌగోళికసూచిక వచ్చినది గదా, ఆ త్రోవ మాకు పనికిరాదా యని ఒక కుఱ్ఱవాడు నన్నడిగెను. ఆ హక్కు ఒక చోటికి, ఆ చోట అనుశ్రుతముగా తయారగు వస్తువునకు చెందునదే గాని, ఒక మనుష్యుని క్రొత్త యూహకు చెందదు. అతనికి నేను చెప్పినది వేరు: దినదినము చేసిన పనిని బౌండు పుస్తకములో తేదీ వేసి వ్రాయుము, సాక్షిచేత సంతకము పెట్టించుము.

సుబ్బారావుగారికి నోబెలు బహుమతి రాలేదు. 1953లో ఒక బూజుజాతికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టిరి. నూరేండ్లు నిండిన 1995లో భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ళ వెలువరించెను.