ఓడ పైన ప్రార్థన, ఓడ కింద సంకెళ్ళు

న్యూటన్ అనగానే మనకు ఆపిల్ పండు, గమన నియమాలు గుర్తుకొస్తాయి. పదో తరగతి తమ్ముళ్ళకైతే పబ్లిక్ పరీక్ష కూడా గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది ఆ న్యూటన్ గురించి కాదు. ఈయన జాన్ న్యూటన్. ఓడ కెప్టెన్, బానిసల వ్యాపారి, ఆ తర్వాత చర్చి గురువు. దేశదేశాల్లో పాడుకునే అమేజింగ్ గ్రేస్ అనే పాట రాసింది ఈయనే. ఆ పాట మనలో చాలామంది వినే ఉంటారు. రాసినవాడు ఏం పని చేసి వచ్చాడో నాకు పీజీలో చేరి లైబ్రరీలో చదివేదాకా తెలియదు. చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

న్యూటన్ 1725 జూలై 24న లండన్‌లో వాపింగ్ అనే రేవు పేటలో జన్మించాడు. తండ్రి ఓడ కెప్టెన్. తల్లి ఎలిజబెత్ భక్తిపరురాలు. ఒడిలో కూర్చోబెట్టుకుని చదువు నేర్పింది. ఏడేళ్ళు నిండకముందే ఆమె క్షయతో చనిపోయింది. పదకొండో ఏట తండ్రి వెంట సముద్రం మీదికి వెళ్ళాడు. యువకుడయ్యాక అతన్ని బలవంతంగా పట్టుకుపోయి నౌకాదళంలో చేర్చారు. తండ్రి పలుకుబడి వల్ల చిన్న అధికారి హోదా దొరికింది. అది నిలబెట్టుకోలేదు. పారిపోబోయి పట్టుబడి, అందరి ఎదుట కొరడా దెబ్బలు తిని, హోదా పోగొట్టుకున్నాడు. అయినా పొగరు తగ్గలేదు. దేవుడి పేరెత్తితే ఎగతాళి చేసేవాడు. తిట్లలో అతన్ని మించినవాడు లేడని నావికులే చెప్పుకునేవారు. తర్వాత చేరిన ఓడలో, తన తండ్రిని ఎరిగిన కెప్టెన్ మీదే వెక్కిరింపు పాట కట్టి ఓడలో అందరికీ నేర్పాడు. పాటలు కట్టే తెలివి అప్పటికే ఉందన్నమాట!

1745 ప్రాంతంలో ఆఫ్రికా పడమటి తీరంలో, సియెర్రా లియోన్ దగ్గరి ప్లాంటెయిన్ దీవుల్లో ఒక తెల్ల బానిస వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. త్వరగా డబ్బు సంపాదించాలని ఆశ. వెళ్ళగానే జ్వరం పట్టుకుంది. వ్యాపారి ఊళ్ళో లేనప్పుడు అతని భార్యకు న్యూటన్ అంటే గిట్టలేదు. ఆమె ఆఫ్రికా స్త్రీ, ఆ ప్రాంతంలో పలుకుబడి గలది. తిండి పెట్టలేదు, నీళ్ళు కూడా సరిగ్గా ఇవ్వలేదు. రాత్రివేళ పొలంలో దుంపలు పీక్కుని పచ్చివే తినేవాడు.

ఆ రోజుల్లో అతనికి అన్నం పెట్టింది ఎవరో తెలుసా? సంకెళ్ళలో ఉన్న బానిసలు. తమకిచ్చే పిడికెడు తిండిలోంచి కొంత మిగిల్చి, ఎవరి కంటా పడకుండా తెచ్చి ఇచ్చేవారు. ఈ సంగతి న్యూటనే తన జీవిత కథలో రాసుకున్నాడు.

ఇంకొక విషయం కూడా మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవాలి. అంత కష్టంలోనూ అతని దగ్గర ఒక్క పుస్తకం ఉండేది, యూక్లిడ్ రేఖాగణితం. సముద్రపు ఒడ్డున ఇసుకలో పుల్లతో బొమ్మలు గీసుకుంటూ మొదటి ఆరు అధ్యాయాలు ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్నాడు. నోటు పుస్తకాలు రాలేదని మనం జూలై దాకా ఆగిన సంవత్సరాలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

చివరికి తండ్రి కోరిక మీద గ్రేహౌండ్ అనే ఓడ అతన్ని ఎక్కించుకుంది. 1748 మార్చి 21, వయసు 22 సంవత్సరాలు. అట్లాంటిక్ మధ్యలో అర్ధరాత్రి తుఫాను. ఓడ ఒక పక్క చీలిపోయి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. న్యూటన్ డెక్కు మీదికి ఎక్కబోతుంటే కెప్టెన్ కత్తి తెమ్మని వెనక్కి పంపాడు. అతని బదులు పైకి వెళ్ళినవాణ్ణి మరుక్షణమే అల ఊడ్చుకుపోయింది. ఓడలో సరుకు తేనెమైనం, కలప, అంటే నీటి కన్నా తేలికైనవి. లేకుంటే అక్కడికక్కడే మునిగేది. తెల్లవారుజామున మూడింటి నుంచి మధ్యాహ్నం దాకా తాడుతో ఒంటిని కట్టుకుని పంపు కొట్టాడు. ఆ అలసటలో అతని నోటి నుంచి అప్రయత్నంగా దేవుని దయ కోరుతూ ఒక మాట వచ్చింది. ఆ మాట విని తానే ఉలిక్కిపడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా ఎగతాళి చేసిన పేరు అది. నాబోటివాడికి దయ ఎక్కడిది అనుకున్నాడు. తర్వాత అర్ధరాత్రి దాకా చుక్కాని పట్టుకుని నిలబడి, తన గత జీవితమంతా తలచుకున్నాడు. నాలుగు వారాలకు ఓడ ఐర్లండ్ ఒడ్డు చేరింది. చనిపోయేదాకా ఏటా మార్చి 21ని న్యూటన్ ప్రార్థనలో గడిపేవాడు.

సాధారణంగా ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కడ ఆపేస్తారు. పాపి మారాడు, పాట రాశాడు అంటారు. మధ్యలో జరిగింది వదిలేస్తారు.

ఆ తుఫాను తర్వాతే న్యూటన్ బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1750 నుంచి 1754 దాకా డ్యూక్ ఆఫ్ ఆర్గైల్, ఆఫ్రికన్ అనే ఓడల మీద మూడు ప్రయాణాలు చేశాడు. తిట్లు మానేశాడు. ఆదివారం నావికులను కూర్చోబెట్టి ఆరాధన జరిపేవాడు. తీరిక వేళల్లో లాటిన్ నేర్చుకునేవాడు, భార్య మేరీకి ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. ఆ డెక్కు కిందనే మనుషులు ఇద్దరిద్దరు చొప్పున ఇనుప గొలుసులతో, పక్కకు తిరగడానికి చోటు లేకుండా పడుకుని ఉండేవారు. తిరుగుబాటు చేస్తారన్న అనుమానంతో చిన్న పిల్లల బొటనవేళ్ళకు ఇనుప మరలు బిగించి నిజం చెప్పించాడు. చనిపోయినవాళ్ళను సముద్రంలోకి వదిలి, ఓడ పుస్తకంలో పేరుకు బదులు నంబరు రాశాడు. దేవుడు తన ప్రాణం కాపాడాడని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషికి, తనకు ఒకప్పుడు అన్నం పెట్టిన జాతి మనిషిగా కనబడలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊళ్ళో ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. మా నాన్న వాళ్ళ పొలంలో కూలికి వెళ్ళేవాడు. ఆయన పొద్దున్నే గంటసేపు పూజ చేసేవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. నాన్నకు దాహమైతే మాత్రం దోసిలి పట్టమని పైనుంచి చెంబుతో నీళ్ళు పోసేవాడు. చెయ్యి తగలకుండా. చిన్నప్పుడు నాకు ఆయన మంచివాడో చెడ్డవాడో అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

న్యూటన్ 1754లో ఓడ పని మానింది కూడా మనస్సాక్షి వల్ల కాదు. ప్రయాణానికి ముందు మూర్ఛ వచ్చింది, డాక్టర్లు వద్దన్నారు. లివర్‌పూల్ రేవులో సుంకాల ఉద్యోగం చూసుకున్నాడు. గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. డిగ్రీ లేదన్న అభ్యంతరాలతో చర్చి పెద్దలు కొన్నేళ్ళు తిప్పి, చివరికి 1764లో గురువుగా అంగీకరించారు. ఓల్నీ అనే ఊళ్ళో, లేసు అల్లుకుని బతికే పేదల మధ్య పనిచేశాడు. కవి విలియం కూపర్‌తో స్నేహం అక్కడిదే. 1773 జనవరి 1 ఆరాధన కోసం రాసినదే అమేజింగ్ గ్రేస్. ఇప్పుడు మనం వినే బాణీ చాలా తర్వాత, 1835లో అమెరికాలో కలిసింది. పాట రాసేనాటికి కూడా బానిస వ్యాపారం తప్పని న్యూటన్ బహిరంగంగా ఒక్క మాట అనలేదు. లెక్క వేసుకోండి, తుఫానుకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు దాటాయి.

1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ళ పార్లమెంటు సభ్యుడు లండన్‌లో ఆయన దగ్గరకు రహస్యంగా వచ్చాడు. రాజకీయాలు వదిలి దైవసేవకు పోదామా అని సందేహం. వదలవద్దని, అక్కడే ఉండి పనిచేయమని న్యూటన్ సలహా ఇచ్చాడు. 1787లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా లండన్‌లో సంఘం ఏర్పడింది. 1788లో న్యూటన్ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒకప్పుడు ఆ పనిలో తానూ చేయి వేశానని, అది తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుందని, ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని స్పష్టంగా చెప్పాడు. బానిసలను ఓడలో ఎలా పేర్చేవారో, ఎంతమంది దారిలో చనిపోయేవారో లెక్కలతో రాశాడు. పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఓడ తాళాలు చేతబట్టినవాళ్ళలో నోరు విప్పినవాళ్ళు తక్కువ. అందుకే ఆయన మాటకు బరువు వచ్చింది.

1807 మార్చి 25న బ్రిటన్‌లో బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. చూపు దాదాపు పోయిన స్థితిలో ఆ వార్త విని, అదే ఏడాది డిసెంబరు 21న 82వ ఏట న్యూటన్ మరణించాడు. బానిసత్వం మాత్రం 1833 చట్టం దాకా ఉండనే ఉంది. ఆ తర్వాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి ఓడలు మన వైపు తిరిగాయి. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళ కథ వేరే రాయాలి.

తన సమాధి మీద ఏం చెక్కాలో న్యూటన్ ముందే రాసిపెట్టుకున్నాడు. ఒకప్పుడు నాస్తికుణ్ణని, దారితప్పినవాణ్ణని, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడిగా బతికానని అందులో ఉంది. బానిసలను అమ్మానని లేదు. ప్లాంటెయిన్ దీవిలో సంకెళ్ళతోనే వచ్చి అతనికి కూడు పెట్టినవాళ్ళ పేర్లు ఆ జీవిత కథలోనూ లేవు.