హెన్రీ పీటో

హెన్రీ పీటో 1695 వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందలి అరమోన్ గ్రామమున జన్మించెను. బాల్యమున నితనికి చదువునం దాసక్తి లేకుండెను. పిదప నొక పుస్తకాల యంగడిలో దొరకిన రేఖాగణిత గ్రంథ మాతని మనస్సును మార్చెను. 1724 లో పారిసు విజ్ఞాన పరిషత్తున సభ్యుఁడయ్యెను.

లోతుకొలఁది నదీవేగము హెచ్చునని నాఁటి పండితులు నమ్ముచుండిరి. 1732 లో పీటో యొక నిలువు గొట్టమును, ప్రవాహమున కెదురుగా వంచిన మఱియొక గొట్టమును సీన్ నదిలో ముంచి, వాని నీటిమట్టముల భేదమునుబట్టి వేగము కొలిచి, యా నమ్మకము తప్పని చూపెను. 1771 లో స్వగ్రామముననే మృతినొందెను.

నేఁడు విమానములు పీటోగొట్టమున నెదురుగాలి యొత్తిడిని, పరిసరపు గాలి యొత్తిడితోఁ బోల్చి వేగము నెఱుంగుచున్నవి. ధ్వనివేగమును మించినపుడు గొట్టమునకు ముందు ఆఘాత తరంగ మేర్పడును గనుక లెక్క వేఱుగాఁ గట్టవలయును. బాలురారా, నమ్మినదానిని కొలిచి చూచుటయే విజ్ఞానమునకు మొదలు.