ముందు నిలిచిన నాయకురాలు

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కళల విభాగానికి సరోజినీ నాయుడు పేరు పెట్టారు. 1974లో ఆ విశ్వవిద్యాలయం ప్రారంభమైనది ఆబిడ్స్‌లోని వారి ఇంటిలోనే.

1879లో హైదరాబాదులో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించిన సరోజినీదేవి, 1898లో తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడారు. నలుగురు బిడ్డల తల్లి అయ్యారు. 1917లో స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసిన మహిళా బృందానికి నాయకత్వం వహించారు. 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలైన తొలి భారతీయ మహిళ ఆమే.

1930లో గాంధీజీ దండికి నడిపించిన జట్టులో స్త్రీలకు చోటు లేదు. అయితే గాంధీజీ, ఆయన తర్వాత అబ్బాస్ త్యాబ్జీ అరెస్టయ్యాక, ధరాసనా ఉప్పు సత్యాగ్రహం బాధ్యత సరోజినీదేవిపై పడింది. మే 21న సుమారు 2,500 మంది సత్యాగ్రహులు ఆమె మాటకు కట్టుబడి, లాఠీదెబ్బలు తగులుతున్నా అడ్డుగా చెయ్యి కూడా ఎత్తలేదు. ఆమెను కూడా అరెస్టు చేశారు.

1947లో నేటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరై, దేశంలో తొలి మహిళా గవర్నరుగా నిలిచారు. 1949 మార్చి 2న ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు.

మన విచారణ సంఘాలలోనైనా, కార్యాలయాలలోనైనా బాధ్యత అప్పగించేటప్పుడు ఆడా మగా అని కాక, కష్టకాలంలో ముందు నిలిచేది ఎవరో చూద్దాం.