ఓలే ఎవిన్‌రూడ్ – జీవితము, కృషి

2023 జులై 27వ తేదీన మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపాన గల మోరంచపల్లి గ్రామాన్ని ముంచివేసిన సంగతి మన విద్యార్థులలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. ఇండ్ల కప్పులపైకి ఎక్కి, ప్రాణాలు అరచేత పెట్టుకొని ఎదురుచూచిన ప్రజలను రక్షించుటకు హెలికాప్టర్లు, మరపడవలు రావలసివచ్చినది. మరుసటి ఏడు సెప్టెంబరు 1వ తేదీన మహబూబాబాదు జిల్లా కేసముద్రం ప్రాంతంలో వరద ఉధృతికి రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయినది. జనగామ వంటి మెట్టసీమలో పుట్టి, పడవతో మనకేమి పని అని తలచేవారు సైతం ఈ సంఘటనల తరువాత ఆలోచింపక తప్పదు.

వరదలో వచ్చే ఆ రబ్బరు పడవల వెనుక అంచుకు ఒక మోటారు బిగించి ఉంటుంది. దానినే ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. పైన ఇంజను, నడుమ నిలువు ఇరుసు, అడుగున నీటిలో తిరిగే పంకా – ఈ మూడును ఒకే వస్తువుగా అమరి ఉంటాయి. చిన్న మోటారునైతే ఒక మనిషి భుజాన వేసుకొని తీసుకొనిపోవచ్చును. అయితే ప్రవాహం మధ్యలో ఈ ఇంజను ఆగిపోయినదంటే పడవ నిలువదు. నీరు ఎటు లాగితే అటు పోతుంది. కనుక దానిలోని మనుషుల ప్రాణాలన్నీ ఆ ఇంజను ఆగకుండా నడుచుటపైననే ఆధారపడి ఉన్నాయి. ఇట్టి మోటారును సామాన్యుడు నమ్మి వాడుకోదగిన సాధనంగా తీర్చిదిద్దిన శ్రమజీవి ఓలే ఎవిన్‌రూడ్.

ఆయన 1877 ఏప్రిల్ 19న నార్వే దేశంలో జన్మించాడు. ఆయనకు ఐదేండ్ల ప్రాయంలో, అనగా 1882లో, కుటుంబం అమెరికాకు వలసపోయి విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిప్లీ సరస్సు సమీపాన సేద్యం చేసుకొంటూ స్థిరపడినది. ఓలే బడిలో చదివినది బహు స్వల్పం. నీరన్నా, పడవలన్నా, యంత్రాలన్నా చిన్ననాటినుండి ఆయనకు మక్కువ. బాల్యంలోనే స్వయంగా ఒక తెరచాప పడవను నిర్మించుకొన్నాడు. పదహారేండ్ల వయస్సులో మాడిసన్ నగరానికి పోయి వ్యవసాయ యంత్రాల కార్ఖానాలో పనికి కుదిరాడు. పగలు పని చేస్తూ, తీరిక వేళలలో ఇంజనీరింగు గ్రంథాలను తనంతట తాను అధ్యయనం చేశాడు. పిదప పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లులలోను, చికాగోలోను పనిచేసి లోహాల స్వభావాన్ని ఆకళింపు చేసుకొన్నాడు. 1900 ప్రాంతంలో మిల్వాకీ నగరం చేరి, మరొకరితో కలసి పెట్రోలు ఇంజన్ల తయారీకి పూనుకొన్నాడు.

ఔట్‌బోర్డ్ మోటారు సంకల్పం ఆయనకు ఎట్లు కలిగినదో తెలిపే కథ ఒకటి బహుళ ప్రచారంలో ఉన్నది. ఒక వేసవి దినాన ఓలే, ఆయన వివాహమాడబోయే బెస్ కేరీ, మిత్రులతో కలసి ఒకుచీ సరస్సుకు వనభోజనానికి వెళ్లారట. బెస్ ఐస్‌క్రీం కోరగా ఓలే సుమారు 4 కిలోమీటర్లు తెడ్లు వేసుకొంటూ అవతలి ఒడ్డుకు పోయి కొని తెచ్చాడు. తిరిగి వచ్చుసరికి అది కరిగి నీరైనది. ఎండలో, ఎదురుగాలిలో తెడ్లు వేసిన ఆ శ్రమయే ఆయనను ఆలోచింపజేసినదని చెప్పుకొంటారు.

పడవకు వెలుపల బిగించే మోటారును అమెరికాలో ఆయనకు ముందే కామెరాన్ వాటర్‌మన్ తయారుచేసి అమ్మియున్నాడు. కనుక ఇది సర్వథా ఎవిన్‌రూడ్ సృష్టి అనరాదు. ఆయన గొప్పతనమంతా దానిని మన్నికగా రూపొందించుటలో ఉన్నది. 1907 ప్రాంతంలో చేసిన తొలి నమూనాను చూచి బెస్ అది కాఫీగింజలు విసరే తిరుగలివలె ఉన్నదని పరిహసించినదట. ఓలే చిన్నబుచ్చుకొనక దానిని సవరించాడు. 1909లో అమ్మకానికి వచ్చిన మోటారు బలం ఒకటిన్నర అశ్వశక్తి, బరువు 62 పౌండ్లు, అనగా దాదాపు 28 కిలోలు. వెల 62 డాలర్లు. దానిని ఒక మిత్రునికి వాడి చూడుమని ఇవ్వగా, అతడు పది మోటార్లకు ఆర్డర్లతో తిరిగి వచ్చాడని చెబుతారు. 1911లో పేటెంటు లభించినది.

వ్యాపార విషయాలలో ఓలేకు నేర్పు తక్కువ. లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, ప్రకటనలు అన్నియు బెస్ చూచుకొన్నది. తెడ్లను పారవేసి మోటారు కొనుక్కొమ్మని పత్రికలలో ఆమె చేసిన ప్రకటన జనాన్ని విశేషంగా ఆకర్షించినది. అయితే శ్రమాధిక్యంవల్ల ఆమె ఆరోగ్యం క్షీణించినది. భార్య ఆరోగ్యంకంటె సంపద మిన్న కాదని తలచి, 1914 ప్రాంతంలో ఓలే తన వాటాను భాగస్వామికి విక్రయించాడు. ఐదేండ్లవరకు ఈ వ్యాపారంలో పోటీకి రాకూడదని షరతు. తన పేరు గల కంపెనీ తనది కాకుండా పోయినది.

ఆ విరామాన్ని ఆయన వృథా చేయలేదు. తన పాత మోటారు లోపాలను తానే వెదికాడు. అది ఇనుముతో చేసినది, బరువైనది. ఒకే సిలిండరు ఉండుటచే అదురు హెచ్చు. అదురుటవల్ల మరలు వదులై, అతుకులు విడిపోతాయి. అందువలన ఎదురెదురుగా రెండు సిలిండర్లను అమర్చి, ఒకదాని అదురును మరొకటి అణచునట్లు చేశాడు. ఇనుముకు బదులు వీలైనచోటనెల్ల అల్యూమినియం వాడాడు. అది తేలిక, వేడిని త్వరగా వెలికి పంపుతుంది. బలం మూడు అశ్వశక్తులకు పెరిగినది, బరువు 22 కిలోలకు తగ్గినది. దీనిని ముందుగా పాత భాగస్వామికే ఇవ్వజూపగా అతడు వద్దన్నాడు. ఓలే దంపతులు 1921లో ఎల్టో అనే సొంత కంపెనీని స్థాపించి ఆ మోటారును ప్రజలకు అందించారు.

క్రమంగా పడవ పందేలు పెరిగి, వేగంపై మోజు హెచ్చినది. 1928లో ఎల్టో నాలుగు సిలిండర్ల మోటారును విడుదల చేసినది. 1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్ కంపెనీ, లాక్‌వుడ్ కంపెనీ ఏకమైనాయి. ఓలే ఆ సంస్థకు అధ్యక్షుడై, చేజారిన తన పేరును తిరిగి పొందాడు. ఆ వెంటనే ఆర్థికమాంద్యం వచ్చిపడినది. 1933లో బెస్ మరణించినది. మరుసటి ఏడు, 1934 జులై 12న, 57 ఏండ్ల వయస్సులో ఓలే కన్నుమూశాడు. కుమారుడు రాల్ఫ్ సంస్థ భారం వహించాడు. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయినను, ఆయన చూపిన మార్గంలోనే నేటి మోటార్లు నడుస్తున్నాయి.

వేగం హెచ్చినకొలది ఇంజను చెడే ప్రమాదమూ హెచ్చుతుంది. దానికి కారణాలు గ్రహించుట కష్టం కాదు. ఔట్‌బోర్డ్ మోటారు తాను తేలే నీటినే పీల్చి తనను చల్లబరచుకొంటుంది. వరదనీటిలోని గడ్డి, ప్లాస్టిక్ సంచులు ఆ రంధ్రాన్ని మూసివేస్తాయి. ఒండ్రుమట్టి నీటిపంపులోని రబ్బరు రెక్కలను అరగదీస్తుంది. ఇంజను ప్రక్కనుండి సన్నని నీటిధార వెలువడుతున్నంత వరకు పంపు నడుస్తున్నదని గుర్తు. ధార ఆగితే ఇంజనును ఒడుపుగా ఒడ్డుకు చేర్చి తక్షణమే ఆపవలెను. పాతరకం రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో కలిపిన నూనెయే లోపలి భాగాలను తడుపుతుంది. నూనె పాలు తగ్గితే పిస్టను సిలిండరుకు పట్టుకొని బిగుసుకొంటుంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే వేడి మితిమీరి పిస్టను తలకే రంధ్రం పడవచ్చును. పంకా నీటినుండి పైకి లేచిన క్షణంలో భారం లేక ఇంజను హద్దుమీరి తిరుగుతుంది. నెలల తరబడి నిలువయుంచిన పెట్రోలు జిగురై కార్బురేటరు దారులను మూసివేస్తుంది. అడుగున గల పళ్లచక్రాల పెట్టెలోని నూనె పాలవలె తెల్లబడినచో నీరు చొరబడినదని తెలుసుకోవలెను.

ఈ లోపాలలో అనేకం ఒడ్డుమీదనే, వరదకు చాలా ముందే కనిపెట్టి సరిచేయదగినవి. వాన రాకముందే పంపు రెక్కలు మార్చుట, కొత్త పెట్రోలు నింపుట, బురదనీటిలో నడిపిన పిమ్మట మంచినీటితో లోపల కడుగుట – వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసినదల్లా శ్రద్ధ.

విద్యార్థి మిత్రులారా! తెలుగులో పడవ అన్నా, ఉర్దూలో కిష్తీ అన్నా, ఆపదలో అది మనలనందరినీ ఒకే తీరున ఒడ్డుకు చేర్చవలసినదే. కార్ఖానాలో చేతులకు మసి అంటించుకొని పెరిగిన ఒక వలస కార్మికుడు, తాను చేసిన యంత్రం లోపాలను తానే ఒప్పుకొని తిరిగి దిద్దుకొన్నాడు. మీలో రేపు మెకానిక్కులు, ఇంజనీర్లు, సహాయదళాలలో చేరువారు ఉంటారు. మీ చేతికి వచ్చిన ఇంజను ఏదైనను, అక్కరకు రాకముందే దానిని విప్పి చూచే అలవాటు చేసుకొనండి. ఏదో ఒక వానాకాలపు రాత్రి, ఇంటి కప్పుమీద ఎదురుచూచే ఒక కుటుంబానికి ఆ అలవాటే ప్రాణం నిలుపవచ్చును.